నొప్పుల మాత్ర, రొమ్ము క్యాన్సర్ భయం: ఏం చూసుకోవాలి, ఎలా వాడుకోవాలి

ఆదోనిలో మార్కెట్ యార్డుకు పోయే దారిలో మాకు మెడికల్ షాపు ఉంది. ఫార్మసీ చదివాను, కౌంటర్ వెనక నేనే కూర్చుంటాను. పత్తి తీత మొదలైందంటే చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లు ఎక్కువగా అడిగేది నొప్పుల మాత్రే. నడుము, మెడ, మోకాళ్లు, మణికట్టు. ఈ మధ్య డబ్బులు తీస్తూనే ఇంకో మాట కూడా అడుగుతున్నారు: "అక్కా, ఇవి మింగితే రొమ్ముకు క్యాన్సర్ వస్తాదంట, నిజమేనా?" ఎవరో ఫోన్‌కు పంపింది చూసి అడిగే ప్రశ్న అది. ఇంకో వీడియో చూసినావిడ సరిగ్గా దీనికి తలకిందులుగా అడుగుతుంది: "రోజూ ఒక ఆస్పిరిన్ వేసుకుంటే ఆ క్యాన్సర్ రాదంట కదా, ఒక షీటు ఇయ్యి."

ఇద్దరికీ నేను చెప్పేది ఒకటే. నొప్పుల మాత్ర వల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందని తేలలేదు. నొప్పుల మాత్రతో దాన్ని రాకుండా ఆపొచ్చని కూడా తేలలేదు. కాబట్టి ఆ భయంతో అవసరమైన మాత్ర మానొద్దు, ఆ ఆశతో అవసరం లేని మాత్ర మొదలుపెట్టొద్దు. మాత్రతో జాగ్రత్తగా ఉండాల్సిన కారణాలు వేరే ఉన్నాయి: కడుపు, కిడ్నీలు, గుండె. రొమ్ము సంగతి చూసుకోవాల్సిన పద్ధతి వేరే ఉంది. వెనక జనం నిలబడి ఉండగా కౌంటర్ దగ్గర ఇదంతా చెప్పడం కుదరదు. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు చేతిలో ఉన్న మాత్ర ఏదో తెలుసుకోండి

షీటు వెనక్కి తిప్పండి. పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. చిన్న అక్షరాల్లో, మిల్లీగ్రాముల అంకెతో పాటు ఉండేది అసలు మందు పేరు. అక్కడ ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్, మెఫెనమిక్ యాసిడ్, పైరాక్సికామ్, నిమెసులైడ్, ఎటోరికాక్సిబ్, ఆస్పిరిన్, వీటిలో ఏది కనిపించినా అది నొప్పితో పాటు వాపును కూడా తగ్గించే రకం. డాక్టర్లు వీటిని ఎన్‌ఎస్‌ఏఐడీలు అంటారు. మీరు ఫోన్లో చూసే వార్తలు ఎక్కువగా ఈ రకం గురించే. పారాసిటమాల్ ఈ గుంపులోది కాదు. అది నొప్పిని, జ్వరాన్ని తగ్గిస్తుంది, వాపు మీద పెద్దగా పనిచేయదు, మామూలు డోసులో కడుపును, కిడ్నీలను అంతగా ఇబ్బంది పెట్టదు. ఇంగ్లీషు రాకపోతే బడికి పోయే పిల్లల చేత చదివించండి. షీటును ఫోటో తీసి పెద్దది చేస్తే ఎంత చిన్న అక్షరాలైనా కనిపిస్తాయి.

చిక్కంతా రెండు మూడు మందులు కలిపిన మాత్రలతోనే. కాంబిఫ్లామ్‌లో ఐబూప్రొఫెన్ 400, పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు ఉంటాయి. జెరోడాల్-పీలో అసిక్లోఫెనాక్ 100, పారాసిటమాల్ 325. నెలసరి నొప్పికి అడిగే మెఫ్తాల్ స్పాస్‌లో మెఫెనమిక్ యాసిడ్ 250, దాంతో పాటు పొత్తికడుపు పట్టేయడాన్ని వదిలించే డైసైక్లోమిన్ 10. పేర్లు వేరు కాబట్టి మందులూ వేరనుకుంటారు.

కోసిగి వైపు నుంచి వచ్చే ఒక పెద్దమ్మ ఒకసారి కొంగుముడి విప్పి కౌంటర్ అద్దం మీద మూడు షీటు ముక్కలు పెట్టింది. మూడూ కత్తెరతో కోసినవి. ఒకదాని మీద పేరే లేదు, ఇంకోదాని మీద "ఫెనాక్" అని సగం పేరు మిగిలింది. మోకాళ్లకు ఒకటి, నడుముకు ఒకటి, తలనొప్పికి ఒకటి అని ఆమె లెక్క. రంగును, సైజును మా షెల్ఫులో ఉన్నవాటితో పోల్చి చూస్తే ఒకటి డైక్లోఫెనాక్, ఒకటి అసిక్లోఫెనాక్, ఇంకోటి ఐబూప్రొఫెన్. మూడూ ఒకే గుంపు, మూడూ ఒకే రోజు. మాత్రకు మోకాలేదో నడుమేదో తెలియదమ్మా, రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది, ఒకటి పడిందంటే అన్ని నొప్పులకూ అదే అని చెప్పాను. ఆమె ఇంటికి ఒకటే తీసుకుపోయింది.

అందుకని షాపులో షీటు కోసి ఇస్తుంటే పేరు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క ఇమ్మని అడగండి. కుదరదంటే కవరు మీద మందు పేరు రాయించుకోండి. పేరు లేని కాగితం పొట్లంలో రంగురంగుల విడి మాత్రలు ఎవరిచ్చినా, అందులో ఏముందో రాసివ్వమనండి. అలాంటి పొట్లాల్లో నొప్పుల మాత్ర పక్కన చిన్న స్టీరాయిడ్ మాత్ర కూడా ఉండటం నేను చాలాసార్లు చూశాను. వేసుకున్న రోజు ఒళ్లు తేలికై, మనిషి లేచి పనికి పోతుంది. నెలల తరబడి వాడితే ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. నొప్పుల మాత్ర, స్టీరాయిడ్ కలిస్తే కడుపులో పుండు పడే ప్రమాదం ఇంకా ఎక్కువ. అలా నెలలుగా వాడుతున్నవాళ్లు మాత్రం దాన్ని ఒక్కసారిగా ఆపకూడదు. డాక్టరుకు చూపించి మెల్లగా తగ్గించుకోవాలి.

క్యాన్సర్ మాట ఎక్కడి నుంచి వచ్చింది

ఇది పుకారుగా పుట్టిన మాట కాదు. దీని వెనక నిజంగానే పరిశోధన ఉంది. ఒంట్లో దెబ్బ తగిలినా, వాపు వచ్చినా ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు తయారవుతాయి. నొప్పిని, వాపును పెంచేవి అవే. ఆస్పిరిన్ లాంటి మందులు వాటి తయారీని అడ్డుకుంటాయని 1971లో బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ చూపించారు. 1982లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆ ప్రోస్టాగ్లాండిన్లలో ఒక రకం రొమ్ము కొవ్వులో అరోమటేజ్ అనే ఎంజైమును ఎక్కువ చేస్తుంది. ఆ ఎంజైము పని ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌ను తయారుచేయడం. ముట్లు ఆగిపోయిన తర్వాత ఆడవాళ్ల ఒంట్లో ఈస్ట్రోజెన్ ముఖ్యంగా కొవ్వు నుంచే వస్తుంది. రొమ్ము క్యాన్సర్లలో చాలా భాగం ఈ ఈస్ట్రోజెన్ అండతోనే పెరుగుతాయి. కాబట్టి నొప్పుల మాత్రతో ప్రోస్టాగ్లాండిన్ తగ్గితే ఈస్ట్రోజెన్ తగ్గాలి, క్యాన్సర్ కూడా తగ్గాలి కదా అన్నది శాస్త్రవేత్తల ఆలోచన.

మనుషుల్లో చూస్తే అంత సూటిగా రాలేదు. అమెరికాలో కాలిఫోర్నియా టీచరమ్మలను ఏళ్ల తరబడి గమనించిన పెద్ద అధ్యయనం ఒకటుంది. అందులో 1,14,460 మంది లెక్కలు చూసి 2005లో ఒక ఫలితం ప్రకటించారు. ఐదేళ్లకు పైగా రోజూ ఐబూప్రొఫెన్ వాడినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ సుమారు 50 శాతం ఎక్కువగా కనిపించింది. ఆస్పిరిన్ రోజూ ఏళ్ల తరబడి వాడినవాళ్లలో మొత్తం మీద తేడా లేదు, హార్మోన్‌తో సంబంధం లేని రకం క్యాన్సర్ మాత్రం ఎక్కువ కనిపించింది. మీ ఫోన్‌కు వచ్చే భయపెట్టే మెసేజ్‌కు మూలం ఇలాంటి అధ్యయనాలే. మళ్లీ అదే టీచరమ్మల మీద 2017లో వచ్చిన ఇంకో ఫలితం చూడండి: తక్కువ డోసు ఆస్పిరిన్ వారానికి మూడుసార్లు, అంతకంటే ఎక్కువ వేసుకున్నవాళ్లలో రొమ్ము క్యాన్సర్ 16 శాతం తక్కువ. ఆశపెట్టే వీడియోకు మూలం ఇలాంటిది.

ఒకే అధ్యయనంలో ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ ఎలా వస్తుంది? ఈ అధ్యయనాల్లో ఎవరికీ మాత్ర ఇచ్చి చూడలేదు. ఎవరు ఏం వాడుతున్నారో అడిగి రాసుకున్నారు, తర్వాత ఎవరికి జబ్బు వచ్చిందో చూశారు. మాత్ర వాడేవాళ్లకు, వాడనివాళ్లకు మధ్య మాత్ర ఒక్కటే తేడా కాదు. మన ఊళ్లోనే చూడండి. ముట్లు ఆగిపోయాక బరువు పెరిగిన ఆడవాళ్లకు మోకాళ్ల నొప్పులు ఎక్కువ, కాబట్టి మాత్రలూ ఎక్కువే వాడతారు. ముట్లు ఆగాక అధిక బరువు ఉంటే రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరుగుతుందన్నది గట్టిగా రుజువైన సంగతి. ఆ బరువు చేసిన పని మాత్ర ఖాతాలో పడొచ్చు. పరిశోధకులు లెక్కల్లో ఇలాంటివి సరిచేయడానికి చూస్తారు, కానీ పూర్తిగా సరిచేయడం ఎవరి తరమూ కాదు. అటువైపు, గుండె కోసం తక్కువ డోసు ఆస్పిరిన్ వాడేవాళ్లు తరచుగా డాక్టర్ దగ్గరికి పోయేవాళ్లు, తిండి, నడక చూసుకునేవాళ్లు అయి ఉండొచ్చు. అప్పుడు ఆ మంచి ఆస్పిరిన్ ఖాతాలో పడుతుంది.

ఈ చిక్కు తీరాలంటే చీటీలు తీసినట్టు సగం మందికి అసలు మాత్ర, సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూడాలి. ఆ పని కూడా చేశారు. అమెరికాలో 45 ఏళ్లు దాటిన 39,876 మంది ఆడవాళ్లలో సగం మందికి రోజు మార్చి రోజు 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తూ సగటున పదేళ్లు చూశారు. 2005లో ఫలితం వచ్చింది: రొమ్ము క్యాన్సర్ తగ్గలేదు, పెరగలేదు. రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స అయిన 3,020 మందితో ఇంకో పరీక్ష చేశారు, జబ్బు తిరగబెట్టకుండా రోజూ 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఆపుతుందేమోనని. మేలు కనిపించకపోవడంతో మధ్యలోనే ఆపేశారు. ఆ వివరాలు 2024లో అచ్చయ్యాయి. ఆస్పిరిన్ షీటు అడిగే అక్కలకు నేను చెప్పేది ఈ రెండు పరీక్షల సంగతే.

శాతాల మాట కూడా చెప్పాలి. "50 శాతం ఎక్కువ" అని వింటే సగం మందికి వచ్చేస్తుందని టెన్షన్ పడతారు. ఉదాహరణకు, ఒక వయసులో వంద మందిలో ఇద్దరికి వచ్చే జబ్బు ముగ్గురికి వస్తే అది 50 శాతం ఎక్కువ అయినట్టే. మిగతా తొంభై ఏడు మందికి రాలేదు. ఈసారి ఇలాంటి మెసేజ్ వస్తే ఎంత డోసు, రోజూనా అప్పుడప్పుడా, ఎన్నేళ్లు, మాత్ర ఇచ్చి చూశారా లేక అడిగి రాసుకున్నారా అని చూడండి. ఇవేవీ చెప్పని మెసేజ్‌ను పక్కన పెట్టేయొచ్చు. నెలసరికి రెండు రోజులు మాత్ర వేసుకునే పిల్ల ఐదేళ్లు రోజూ వాడినవాళ్ల లెక్క చూసి భయపడాల్సిన పనే లేదు.

మాత్రను ఎలా వాడాలి

మొదటి నియమం: ఒక సమయంలో ఈ గుంపులో ఒకే మందు. రెండోది: తక్కువ డోసు, తక్కువ రోజులు. సొంతంగా కొనుక్కుని వాడే ఐబూప్రొఫెన్ అయితే రోజుకు 1,200 మిల్లీగ్రాములు, అంటే 400వి మూడు, దాటకూడదు. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ లాంటివి డాక్టరు చీటీ మీదే తీసుకోవాల్సినవి. పెద్దవాళ్లకు రోజంతటికీ డైక్లోఫెనాక్ 150, అసిక్లోఫెనాక్ 200 మిల్లీగ్రాములు గరిష్ఠం. పారాసిటమాల్ మంచిదే కదా అని ఇష్టమొచ్చినట్టు మింగినా లివర్ దెబ్బతింటుంది. కలిపిన మాత్రలో ఉన్న 325ను, జ్వరానికి విడిగా వేసుకున్న 650ను కూడి లెక్క వేసుకోండి. సన్నగా, బలహీనంగా ఉన్నవాళ్లు మూడు గ్రాముల లోపే ఉండటం మంచిది. చీటీ లేకుండా వచ్చి మూడు నాలుగు రోజులకు మించి నొప్పుల మాత్రలు అడిగితే నేను ఇవ్వను. అప్పటికీ తగ్గని నొప్పికి కారణం ఏదో డాక్టరు చూడాలి.

పరగడుపున వేసుకోవద్దు. తెల్లారుజామున టీ నీళ్లు తాగి, మాత్ర మింగి, ఆటో ఎక్కి పత్తి చేనుకు పోయేవాళ్లే మా దగ్గర ఎక్కువ. రొట్టో సంగటో తిన్న తర్వాతే వేసుకోండి. మిగతా జబ్బులకు వాడే మందులతో కలిసి కడుపులో పుండు పడే వీలుంటే డాక్టర్లు గ్యాస్ మాత్ర కూడా రాస్తారు. అది ఎందుకులే అని మానేయకండి. విరేచనం తారులాగా నల్లగా, జిగురుగా వచ్చినా, వాంతిలో రక్తం లేదా కాఫీ పొడిలాంటిది కనిపించినా అది లోపల రక్తం కారుతున్నట్టు. మాత్ర ఆపేసి వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఐరన్ మాత్రలు వేసుకునేవాళ్లకు కూడా విరేచనం నల్లగానే వస్తుంది, కానీ జిగురు, ఆ దుర్వాసన, కళ్లు తిరగడం ఉండవు. అనుమానం ఉంటే చూపించుకోవడమే మేలు.

నాకు అన్నిటికంటే ఎక్కువ దిగులు కిడ్నీల గురించే. ఎండాకాలంలో మా దగ్గర నలభై డిగ్రీలు దాటుతుంది. కరువు పనికి పోయిన ఆడవాళ్లు పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా ఉంటారు. దాహం లేక కాదు, పోవడానికి చాటు లేక. ఆ చెమటకు, ఆ దాహానికి తోడు నొప్పుల మాత్ర పడితే కిడ్నీకి వెళ్లే రక్తం తగ్గిపోతుంది. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలోకి రక్తం పారేలా చూసేది ఆ ప్రోస్టాగ్లాండిన్లే, మాత్ర వాటినే ఆపుతుంది. కాబట్టి నీళ్లు తాగడం కుదరని రోజు, వాంతులు విరేచనాలు అవుతున్న రోజు ఈ రకం మాత్ర వద్దు. బీపీకి టెల్మిసార్టాన్ లాంటిది వాడుతూ, పేరు పక్కన "హెచ్" అని ఉంటే అందులో నీరు పోయించే మందు కూడా ఉన్నట్టు. ఆ రెండింటి మీద నొప్పుల మాత్ర మూడోదిగా చేరితే కిడ్నీ మీద భారం బాగా పెరుగుతుంది. బీపీ కూడా అదుపు తప్పుతుంది.

రాబందుల సంగతి ఇక్కడ చెప్పాలనిపిస్తుంది. మన దేశంలో రాబందులు లక్షల సంఖ్యలో చచ్చిపోవడానికి కారణం పశువులకు వేసిన డైక్లోఫెనాక్. ఆ పశువుల కళేబరాలు తిన్న పక్షుల కిడ్నీలు పాడైపోయాయి. 2006లో పశువులకు దాన్ని వాడకుండా నిషేధించారు. మనిషి కిడ్నీ రాబందు కిడ్నీ అంత సుకుమారం కాదు. కానీ ఆ మందు దెబ్బ కొట్టే చోటు అదే.

గుండె జబ్బు, పక్షవాతం వచ్చినవాళ్లు డాక్టరును అడగకుండా ఇవి వేసుకోకూడదు. రోఫెకాక్సిబ్ అనే నొప్పుల మాత్రను 2004లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నది గుండెపోటు ముప్పు వల్లే. గుండెకు తక్కువ డోసు ఆస్పిరిన్ వాడేవాళ్లు మధ్యలో ఐబూప్రొఫెన్ వేసుకుంటే ఆస్పిరిన్ పని చెడుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఆస్తమా ఉన్నవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు, ముఖ్యంగా ఐదో నెల తర్వాత, అడగకుండా ముట్టుకోవద్దు. వానాకాలంలో జ్వరం వస్తే డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ ఒక్కటే.

ఒక్క మోకాలో, ఒక్క భుజమో నొప్పి అయితే మాత్ర కంటే డైక్లోఫెనాక్ జెల్ రాసుకోవడం నయం. రక్తంలోకి చాలా తక్కువగా పోతుంది.

రొమ్ము సంగతి చూసుకోవడం

మన దేశంలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో మొదటిది రొమ్ము క్యాన్సరే. 2022 అంచనాల ప్రకారం ఆ ఏడాది సుమారు 1,92,000 మందికి కొత్తగా వచ్చింది, దాదాపు 98,000 మంది చనిపోయారు. ఆడవాళ్లు నొప్పుల మాత్ర గురించి భయపడుతూ, అసలు చూసుకోవాల్సినదాన్ని వదిలేస్తున్నారనే నా బాధ. మొదట్లో రొమ్ము క్యాన్సర్ గడ్డ చాలామందికి నొప్పి పెట్టదు. "నొప్పి లేదు కదా అక్కా, కరిగిపోతుందిలే" అంటారు. నొప్పి లేని గడ్డనే ముందు చూపించాలి.

స్నానం చేసేటప్పుడు సబ్బు చేత్తో రొమ్మంతా, చంక దాకా వేళ్ల దిండ్లతో తడిమి చూసుకోండి. ముట్లు వచ్చేవాళ్లు ఆ నెల ముట్టు అయిపోయిన తర్వాత రోజుల్లో చూసుకుంటే మేలు, అప్పుడు గట్టిదనం, సలుపు ఉండవు. గడ్డ, చర్మం లోపలికి గుంజుకుపోవడం, కమలాపండు తొక్కలాగా గుంటలు పడటం, చనుమొన కొత్తగా లోపలికి పోవడం, రక్తం చుక్క రావడం, చనుమొన మీద మానని పుండు, చంకలో గడ్డ, వీటిలో ఏది ఉన్నా చూపించుకోవాలి. చూపిస్తే చాలాసార్లు మామూలు గడ్డేనని తేలుతుంది.

రొమ్ములో నొప్పి మాత్రమే ఉంటే, అది కూడా నెలసరి ముందు రెండు వైపులా ఉంటే, ఎక్కువసార్లు హార్మోన్ల వల్లే. దానికి డాక్టర్లే నొప్పి తగ్గించే జెల్ రాస్తారు. అయితే ఒక వైపు రొమ్ము ఎర్రబడి, వేడిగా, వాచి ఉంటే నొప్పుల మాత్ర, యాంటీబయాటిక్ వేసుకుని కూర్చోకండి. పాలిచ్చే తల్లుల్లో అది చీము గడ్డ కావచ్చు, అయినా డాక్టరు చూడాలి. మందులు పూర్తయ్యాక కూడా తగ్గకపోతే స్కానింగ్ చేయించాల్సిందే. అలా ఎర్రగా వాచి మొదలయ్యే రొమ్ము క్యాన్సర్ ఒకటుంది, అది త్వరగా ముదురుతుంది.

30 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు సర్కారు ఆరోగ్య కేంద్రాల్లో రొమ్ము పరీక్ష ఉచితంగా చేస్తారు. మీ ఊరి ఏఎన్‌ఎమ్మక్కను అడగండి. చేత్తో చూస్తే ఏం తెలుస్తుందని తీసిపారేయకండి. ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు 1998లో మొదలుపెట్టి ఇరవై ఏళ్లు, లక్షన్నర మంది ఆడవాళ్లతో చేసిన అధ్యయనంలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో చూడటం వల్ల జబ్బు తొలి దశలోనే దొరికింది. 50 ఏళ్లు దాటినవాళ్లలో ఆ క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. మెషీన్ లేదు, మాత్ర లేదు.

గడ్డ ఉందని తేలితే వయసును బట్టి స్కానింగో మామోగ్రామో (రొమ్ము ఎక్స్‌రే) తీసి, సూదితో ముక్క తీసి పరీక్షకు పంపుతారు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్నది నిజం కాదు. ఆ పరీక్ష లేకుండా "చిన్న గడ్డే, తీసేద్దాం" అని ఎవరైనా కత్తి పడితే ఒప్పుకోవద్దు. ఏ రకమో ముందు తెలిస్తేనే ఆపరేషన్, మందులు ఏ వరుసలో ఇవ్వాలో తేలుతుంది. ముప్పు నిజంగా తగ్గించుకునే దారులంటారా, ముట్లు ఆగాక బరువు పెరగకుండా చూసుకోవడం, సారా, కల్లు లాంటి మద్యం ముట్టకపోవడం, పిల్లలకు కుదిరినన్నాళ్లు పాలివ్వడం. 30 దేశాల లెక్కలు కలిపి 2002లో ప్రకటించిన అధ్యయనంలో, పాలిచ్చిన ప్రతి పన్నెండు నెలలకు ముప్పు 4 శాతానికి పైగా తగ్గింది. అమ్మకో అక్కకో చిన్న వయసులో రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి.

చికిత్స జరుగుతున్నవాళ్లు, అయిపోయినవాళ్లు

వీళ్ల విషయంలో నొప్పుల మాత్ర లెక్క మారిపోతుంది. కీమో నడుస్తుంటే ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఈ రకం మాత్ర వేసుకుంటే రక్తస్రావం కావచ్చు. ఇంకోటి, కీమో రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు వచ్చిందంటే అది అత్యవసరం, గంటల్లో ఆసుపత్రిలో ఉండాలి. నొప్పికని మాత్ర వేసుకుంటే, పారాసిటమాల్ అయినా సరే, ఆ జ్వరం కనిపించకుండా పోతుంది. కాబట్టి ముందు థర్మామీటర్ పెట్టుకుని చూసి, మీ క్యాన్సర్ డాక్టరును అడిగే ఏ మాత్రైనా.

చికిత్స అయ్యాక ఏళ్ల తరబడి లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ వాడేవాళ్లకు పొద్దున లేవగానే వేళ్లు, మోకాళ్లు పట్టేస్తాయి. పైన చెప్పిన అరోమటేజ్‌ను ఆపే మందులివి, కీళ్ల నొప్పులు చాలామందికి వస్తాయి. కొందరు ఆ నొప్పి పడలేక అసలు మాత్రే మానేస్తారు. అది ప్రమాదం, జబ్బు తిరగబెట్టకుండా కాచేది ఆ మాత్రే. ఇంకొందరు ఎవరికీ చెప్పకుండా రోజూ నొప్పుల మాత్ర మింగుతారు. డాక్టరుకు చెబితే ఇంకో మందుకు మారుస్తారు, డి విటమిన్ చూస్తారు, నడక, వ్యాయామం చెబుతారు. వ్యాయామంతో ఈ నొప్పులు తగ్గుతాయని పరీక్షల్లో తేలింది. తగ్గకపోతే ఏ నొప్పుల మాత్ర ఎన్నాళ్లు వాడాలో వాళ్లే చెబుతారు.

ఒకప్పుడు రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లకు కొత్తగా నడుములోనో తుంటిలోనో నొప్పి మొదలై, పడుకున్నా వదలకుండా వారాలు గడిస్తే అది పని నొప్పి అనుకోకండి. ఎముకకు పాకిందేమో చూడాలి. కాళ్లు బలహీనమైనా, మూత్రం మీద అదుపు పోయినా అదే రోజు ఆసుపత్రికి పోవాలి. "అక్కా, ఆపరేషన్ అయ్యింది, ఇప్పుడు నడుము నొప్పి, మాత్ర ఇయ్యి" అని ఎవరైనా వస్తే నేను షీటు తీయను, ముందు డాక్టరుకు చూపించమంటాను.

మా వైపువాళ్లు కర్నూలు పెద్దాసుపత్రికి పోతారు. స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కూడా కర్నూలులోనే ఉంది, ఎన్టీఆర్ వైద్య సేవ పథకం వర్తించేవాళ్లు క్యాన్సర్ చికిత్సకు డబ్బు కట్టక్కర్లేదు. బస్సెక్కే ముందు ఆధార్, రేషన్ కార్డు, పాత రిపోర్టులతో పాటు ఇంట్లో ఉన్న మాత్రల షీట్లన్నీ, అయిపోయినవి కూడా, ఒక కవర్లో వేసుకోండి. బీపీవి, షుగర్‌వి, నొప్పులవి, పసరు మందులు, పొట్లం మాత్రలు ఏవైనా సరే. ఏం వాడుతున్నారని డాక్టరు అడిగితే ఆ కవరు టేబుల్ మీద పెట్టండి.